ఎముకల సూపు: ఇంట్లో కాచుకోవడమా, ప్యాకెట్ కొనుక్కోవడమా?

మర్రిపాలెం నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. కాలి ఎముక విరిగి మంచం మీద ఉన్న అత్తగారికి రోజూ ఎముకల సూపు ఇవ్వమని చుట్టాలందరూ చెబుతున్నారు. ఆవిడకు రక్తపోటు ఉంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన అర లీటరు సూపు ప్యాకెట్ ఖరీదు 349 రూపాయలు. సూపర్ మార్కెట్‌లో తెచ్చిన చికెన్ క్యూబులు, అంటే వేడినీళ్ళలో కలిపితే సూపు అయ్యే చిన్న బిళ్ళలు, ఒక డబ్బా మిగిలి ఉన్నాయి. ఆరుగురున్న ఇంటికి నెలవారీ సరుకుల బిల్లు పద్నాలుగు వేలు దాటుతోంది. ఈ పరిస్థితిలో ఇంట్లో కాచుకుంటే నిజంగా కలిసివస్తుందా, లేక గ్యాసూ శ్రమా లెక్కలో వేసుకుంటే కొనుక్కోవడమే మేలా, కాచినది ఎన్ని రోజులు నిలవ ఉంటుంది, ఆ క్యూబులను ఏం చేయాలి అన్నవి ఆవిడ సందేహాలు.

నేను ఇరవై మూడేళ్ళు విశాఖపట్నంలోనే హోటల్ వంటశాలల్లోనూ, ఆ తరువాత ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనూ పనిచేశాను. చివరి తొమ్మిదేళ్ళు మాంసం, చేపలు, కూరగాయల కొనుగోళ్ళన్నీ నా చేతి మీదుగానే జరిగాయి కాబట్టి ఈ లెక్క నాకు బాగా తెలిసినదే. అసలు మాట ముందే చెబుతాను. ఇంట్లో కాచినంత మాత్రాన సూపు చౌక అయిపోదు. మీరు డబ్బు చెల్లించి కూడా షాపులోనే వదిలేసి వస్తున్న ఎముకలతో కాచినప్పుడు మాత్రమే అది చౌక. సూపు కోసమని ప్రత్యేకంగా మటన్ ఎముకలు కొని, ఐదు గంటలు మంట మీద పెట్టి కాచితే, అది ప్యాకెట్ కంటే నయమే కానీ మీ నెల బిల్లును తగ్గించదు, పెంచుతుంది.

ముందు కోడి సంగతి చూద్దాం. కింద నేను చెప్పే ధరలు ఈ మధ్య నేను చెల్లించినవి. కోడి ధర వారం వారం మారుతుంది, కార్తీక మాసంలో తగ్గుతుంది, ఆ నెల దాటగానే మళ్ళీ పుంజుకుంటుంది. కాబట్టి నా అంకెల స్థానంలో మీ వీధిలోని ధర పెట్టుకుని లెక్క వేసుకోండి. మన షాపుల్లో బోన్‌లెస్ కిలో 380 రూపాయలు ఉన్న రోజున, స్కిన్‌తో ఉన్న కోడి కిలో 240 రూపాయలకు దొరికింది. నేను కిలోన్నర తూగే కోడిని 360 రూపాయలకు తీసుకున్నాను. రొమ్ము, తొడల మాంసం ఎముక లేకుండా విడదీసి, మిగిలిన గూడు, మెడ, రెక్కల కొసలు, కాళ్ళ ఎముకలు వేరే కవరులో వేసి ఇవ్వమని చెప్పాను. ఇంటికి వచ్చి తూచి చూస్తే మాంసం 900 గ్రాములు, ఎముకలు 450 గ్రాములు, మిగతా 150 గ్రాములు తోలూ కొవ్వూ ఉన్నాయి. అదే 900 గ్రాముల బోన్‌లెస్ విడిగా కొని ఉంటే 342 రూపాయలు అయ్యేది. అంటే నా చేతికి వచ్చిన 450 గ్రాముల ఎముకల అసలు ధర పద్దెనిమిది రూపాయలు. పిల్లలు ఎముక లేని ముక్కలే తింటారని బోన్‌లెస్ కొనే ఇళ్ళు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళ సూపు అంతా ప్రతి ఆదివారం షాపు వెనుక డ్రమ్ములోకి పోతోంది.

ఆ ఎముకలకు లీటరున్నరకు పైగా నీళ్ళు పోసి, ఒక ఉల్లిపాయ, వేలెడంత అల్లం ముక్క, పది మిరియాలు, కొత్తిమీర కాడలు వేస్తే వాటికి తొమ్మిది పది రూపాయలు అవుతుంది. గ్యాసు గురించి అందరికీ భయం ఎక్కువ కాబట్టి ఆ లెక్క కొంచెం వివరంగా చెబుతాను. ఇంటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. సిలిండర్ 900 రూపాయలు అనుకుంటే కిలో గ్యాసు 63 రూపాయల చిల్లర పడుతుంది. ఐదు లీటర్ల కుక్కరులో రెండు కిలోల బరువును మరిగించడానికి, ఆపైన చిన్న బర్నరు మీద సిమ్‌లో ముప్పావు గంట ఉంచడానికి కలిపి 70 గ్రాముల గ్యాసుకు మించి ఖర్చు కాదు. అది నాలుగున్నర రూపాయలు. మొత్తం 32 రూపాయలతో లీటరుం పావు సూపు వస్తుంది, అంటే లీటరు 26 రూపాయలు. మీరు కొన్న ప్యాకెట్ లెక్కన లీటరు 698 రూపాయలు. దీని మీద ఇక వాదన అక్కరలేదు.

మటన్ విషయానికి వస్తే లెక్క తిరగబడుతుంది. సూపు ఎముకలని షాపువాళ్ళు విడిగా తీసి అమ్మేవి నేను కిలో 350 రూపాయలకు కొన్నాను. మూత లేని గిన్నెలో ఐదు గంటలు సన్నటి సెగ మీద కాచితే గ్యాసు 300 గ్రాములకు దగ్గరగా ఖర్చవుతుంది, అది మరో పంతొమ్మిది రూపాయలు. మసాలా సామాను కలుపుకుంటే రెండు లీటర్లకు 385 రూపాయలు దాటుతుంది. రోజుకు రెండు గ్లాసుల చొప్పున నెలంతా మటన్ సూపు కాచి ఇస్తే దాదాపు మూడు వేల రూపాయలు అవుతుంది. పద్నాలుగు వేల బిల్లు గురించి దిగులు పడుతున్న ఇంటికి అది చిన్న మొత్తం కాదు. మటన్ సూపు తప్పనిసరిగా కావాలనుకుంటే, కూరకు మాంసం కొన్నప్పుడే కీలు ముక్కలూ మూలుగ ఎముకా ఆ తూకంలోనే వచ్చేలా అడిగి, కూర వండేముందు వాటిని మాత్రం వేరుగా కాచుకోండి. కంచరపాలెం వైపు ఆదివారం రద్దీలో ఈ మాట చెబితే ఎవరూ వినిపించుకోరు. శనివారం సాయంత్రమో, ఆదివారం ఆరు గంటలకు షాపు తెరిచిన వెంటనేనో వెళితే ఓపికగా కొట్టి ఇస్తారు.

ఇక క్యూబుల దగ్గరకు వద్దాం. ఇక్కడ నిజం దాచకుండా చెప్పాలి: ధర ఒక్కటే చూస్తే క్యూబు ఇంటి సూపు కంటే కూడా చౌక. నేను చూసిన చోట ఒక్కో క్యూబు పది రూపాయలకు అటూ ఇటూగా ఉంది. ఒక క్యూబును అర లీటరు నీళ్ళలో కలపమంటారు కాబట్టి లీటరు ఇరవై రూపాయలు. అయితే ఆ ఇరవై రూపాయలకు మీకు వచ్చేది ఏమిటో డబ్బా మీద చదవండి. మన దేశపు ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం ప్రకారం పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి వరుసగా ముద్రించాలి. క్యూబు డబ్బా మీద మొదటి పేరు దాదాపు ఎప్పుడూ ఉప్పే. ఆ తరువాత కొవ్వు, రుచి పెంచే పదార్థాలు, పిండి వస్తాయి. అసలు చికెన్ పేరు చాలా కిందికి వెళితే గానీ కనబడదు. పది గ్రాముల క్యూబులో సగానికి అటూ ఇటూగా ఉప్పే ఉంటుంది. ఒక క్యూబు కలిపిన సూపు రెండు గ్లాసులు తాగితే నాలుగైదు గ్రాముల ఉప్పు లోపలికి వెళ్ళినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజు మొత్తానికి చెప్పిన పరిమితి 5 గ్రాముల లోపు. మీ అత్తగారు అన్నం, కూర, పచ్చడి ముట్టుకోకముందే ఆ రోజు కోటా ముగిసిపోతుంది. డబ్బా మీద ఉప్పు బదులు సోడియం అంకె ఇస్తారు కాబట్టి, దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు బరువు వస్తుందని గుర్తు పెట్టుకోండి.

క్యూబు సూపు నాలుకకు ఎందుకంత గట్టిగా తగులుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే ఇంటి సూపు మొదటిసారి తాగినవారు "చప్పగా ఉంది" అని పెదవి విరుస్తారు, దాంతో వండినవారి మనసు చివుక్కుమంటుంది. 1908లో జపాన్‌కు చెందిన కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త తమ సముద్రపు నాచు చారులోని రుచికి మూలం గ్లుటమేట్ అని కనుక్కున్నారు. మన దగ్గర టేస్టింగ్ సాల్ట్ అని అమ్మేది అదే, డబ్బాల మీద 621 అనే అంకెతో కనబడుతుంది. యూరప్‌లో జూలియస్ మాగీ సూపు క్యూబును అమ్మకానికి తెచ్చింది కూడా అదే 1908లోనే. గ్లుటమేట్‌కు 627, 631 అంకెలున్న పదార్థాలు తోడైతే ఆ రుచి అనేక రెట్లు పెరుగుతుంది. ఇదేమీ మాయ కాదు, మన వంటింట్లోనూ జరిగేదే. బాగా పండిన టమాటాలో గ్లుటమేట్ సహజంగా ఉంటుంది, మాంసంలో, ఎండు రొయ్యల్లో దానికి తోడుగా పనిచేసే పదార్థాలు ఉంటాయి. కాబట్టి ఇంటి సూపు చప్పగా అనిపిస్తే ఉప్పు పెంచకండి. ఒక పండు టమాటాను, అడ్డంగా కోసిన ఉల్లిపాయను పెనం మీద నల్లబడేవరకు కాల్చి కుక్కరులో వేయండి, చివర నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. పాడేరు వైపు కాఫీ తోటల్లో పండే మిరియాలు రైతు బజారులోనో, గిరిజన ఉత్పత్తుల దుకాణంలోనో దొరికితే తెచ్చుకుని, దించేముందు కచ్చాపచ్చాగా దంచి వేయండి. ఉప్పు సగమే ఉన్నా లోటు తెలియదు.

సూపు పొడి ప్యాకెట్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. చాలావాటిలో మొదట కనబడేవి మొక్కజొన్న పిండి, పంచదార, ఉప్పు. అవి చిక్కబరిచిన నీళ్ళు, వాటిని ఎముకల సూపుతో పోల్చడమే సరికాదు. ద్రవ రూపంలో వచ్చే ఖరీదైన ప్యాకెట్లలో మంచివి లేకపోలేదు. ఒక చిన్న పరీక్షతో వాటి బలం తెలుస్తుంది: రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి ఉదయం గిన్నెలోకి వంపండి. నీళ్ళలా జారితే మీరు చెల్లించిన దానిలో ఎక్కువ భాగం నీళ్ళకూ, రవాణాకూ, అట్టపెట్టెకూ పోయినట్టు.

అదే పరీక్ష ఇంటి సూపుకు పెట్టి చూడండి. సరిగా కాచినది ఫ్రిజ్‌లో జున్నులా పేరుకుంటుంది, గరిటె కొసతో తాకితే తాటిముంజెలా వణుకుతుంది, పైన పసుపుపచ్చటి కొవ్వు పలుచటి పలకలా గడ్డకట్టి ఉంటుంది. ఆ పలకను వేలితో లేపి పక్కన పెట్టుకుంటే, అది పోపుకు నూనె బదులు పనికి వస్తుంది. పేరుకోవడానికి కారణం జిలాటిన్. తోలు, నరాలు, కీళ్ళ దగ్గరి మెత్తటి ఎముకల్లో కొల్లాజెన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. అది నీళ్ళలో నిదానంగా వేడెక్కినప్పుడు విడిపోయి జిలాటిన్‌గా మారుతుంది. కాబట్టి ఎముక ఎంత లావుగా ఉందన్నది ముఖ్యం కాదు, కీళ్ళు ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం. అందుకే కోడి కాళ్ళు సూపుకు చాలా మంచివి. మన షాపుల్లో వాటిని అడిగేవారు తక్కువ కాబట్టి చాలా తక్కువ ధరకు వస్తాయి, ఎప్పుడూ వచ్చే వారికి ఊరికే కూడా ఇస్తారు. మరిగే నీళ్ళలో అర నిమిషం ముంచి తీస్తే పైనున్న పసుపు పొర చేతి తొడుగులా ఊడివస్తుంది, గోళ్ళు కొట్టేసి ఆరు కాళ్ళు కుక్కరులో వేయండి. మామూలు ఎముకలతో పలుచగా వచ్చే సూపు వీటితో తప్పకుండా పేరుకుంటుంది.

కాచే పద్ధతిలో నేను పట్టుబట్టే విషయాలు కొన్నే. చన్నీళ్ళతోనే మొదలుపెట్టాలి, మూత పెట్టకుండా మొదటి పొంగు వచ్చేవరకు పక్కనే నిలబడి పైకి తేలే బూడిదరంగు తెట్టును గరిటెతో తీసేయాలి, ఆ తరువాతే మూత బిగించాలి. విజిల్ వచ్చాక మంట బాగా తగ్గించి, కోడి ఎముకలకు ముప్పావు గంట, మటన్ ఎముకలకు గంటన్నర ఉంచి, ఆవిరి దానంతట అది దిగేవరకు ఆగాలి. కుక్కరు లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది కాబట్టి గిన్నెలో ఐదు గంటలు పట్టే పని ఇక్కడ గంటన్నరలో అవుతుంది. గ్యాసు ఆదా అంతా ఇక్కడే ఉంది. విజిల్ మీద విజిల్ వేయించుకుంటూ పెద్ద మంట మీద ఉంచితే కొవ్వు చితికి నీళ్ళలో కలిసిపోయి సూపు పాల విరుగుడులా తెల్లబడుతుంది, తాగినప్పుడు నోటికి జిడ్డుగా తగులుతుంది. ఉప్పు కాచేటప్పుడు వేయకండి. అత్తగారి గ్లాసులో వేరుగా, మిగతావారి గిన్నెలో వేరుగా, వడ్డించేటప్పుడు వేసుకోండి. మీ ఇంట్లో ఒకే సూపు ఇద్దరు ముగ్గురు వేర్వేరు అవసరాల వారికి సరిపోవాలంటే ఇదొక్కటే దారి.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. ఎముక విరిగితే ఎముకల సూపు తాగాలన్నది మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న నమ్మకం. అందులో ప్రేమ ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అందులోని కాల్షియం చాలా స్వల్పం. ఎముకలోని కాల్షియం మామూలు నీళ్ళలో అంత తేలికగా కరగదు. ఒక పెద్ద గ్లాసు పాలలో దాదాపు 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, 100 గ్రాముల చోళ్ళలో, అంటే రాగుల్లో, 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. గ్లాసుడు సూపు ఆ దరిదాపులకు కూడా రాదు. మూలుగ రుచిగా ఉంటుంది కానీ అందులో ఎక్కువ భాగం కొవ్వే. జిలాటిన్ మాంసకృత్తే అయినా అసంపూర్ణమైనది, శరీరానికి బయటి నుంచి తప్పనిసరిగా అందాల్సిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అందులో ఉండదు. అందుచేత సూపు ఇస్తున్నాం కదా అని పాలు, గుడ్డు, పప్పు తగ్గించడం పొరపాటు అవుతుంది. ఏడెనిమిది రూపాయల గుడ్డులో సుమారు 6 గ్రాముల పూర్తి మాంసకృత్తులు ఉన్నాయి. ఉదయం చోడి అంబలిలో మజ్జిగ కలిపి, మధ్యాహ్నం పప్పుతో పాటు గుడ్డు, సాయంత్రం గ్లాసుడు పలుచటి సూపు ఇస్తే ఆవిడకు మూడూ అందుతాయి, ఖర్చూ పెరగదు. మంచం మీద ఉన్న వారికి ఆకలి మందగిస్తుంది, నీళ్ళు కూడా సరిగా తాగరు. అటువంటప్పుడు వేడివేడి సూపు నోటికి హితవుగా ఉండి అన్నం మీదికి మనసు పోయేలా చేస్తుంది. సూపు చేసే నిజమైన మేలు అదే, అది చిన్నది కాదు. యూరిక్ యాసిడ్, కిడ్నీ సమస్యలు ఉన్నట్టయితే మాత్రం మాంసపు సూపు రోజూ ఇచ్చేముందు వైద్యుణ్ణి అడగండి.

నిలవ గురించి మీరు అడిగిన ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు డబ్బుతో పోయేది కాదు. మనలో చాలామంది రాత్రి కాచిన సూపును మూత పెట్టి పొయ్యి మీదే వదిలేసి, పొద్దున్నే మళ్ళీ మరిగించి తాగుతారు. మన ఊరి వేడికి, సముద్రపు ఉక్కకు ఆ గిన్నె తెల్లవార్లూ గోరువెచ్చగానే ఉంటుంది. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి మాంసపు పులుసుల్లో సరిగ్గా ఈ వేడిలోనే విజృంభిస్తుంది. దాని బీజాలు మామూలు మరుగుకు చావవు, మూత కింద నిదానంగా చల్లారే గిన్నెలో తిరిగి మొలకెత్తుతాయి. క్యాంటీన్‌లో చేరిన కొత్తలో నేను కూడా ఈ తప్పు చేశాను. ఒక మే నెల రాత్రి పన్నెండు లీటర్ల సూపును పెద్ద తపేలాలో మూత పెట్టి వదిలేశాను. పొద్దున మూత తీసేసరికి పైన సన్నటి బుడగలు, కింద నుంచి పుల్లటి వాసన. అంతా పారబోశాం. వాసన వచ్చింది కాబట్టి తెలిసింది, వాసన రాకుండానే చెడినది ఎవరికైనా పోసి ఉంటే ఏమయ్యేదోనని ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. ఆనాటి నుంచి నా పద్ధతి ఒకటే. వడకట్టిన వెంటనే సూపును రెండు మూడు వెడల్పాటి స్టీలు గిన్నెల్లోకి పలుచగా పోయాలి, ఆ గిన్నెలను చన్నీళ్ళ బేసినులో నిలబెట్టి నీళ్ళు ఒకసారి మార్చాలి, గరిటెతో అప్పుడప్పుడు కలపాలి. అరగంటలో వేడి దిగుతుంది, దించిన రెండు గంటలలోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోవాలి. ఫ్రిజ్‌లో మూడు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు ఉంటుంది. వాడేటప్పుడు కావలసినంతే తీసి బుడబుడా మరిగించండి, మొత్తం గిన్నెను మళ్ళీ మళ్ళీ వేడిచేసి లోపల పెట్టకండి.

డీప్ ఫ్రీజర్ ఉంది కదా అని నెలకు సరిపడా కాచి పెట్టుకోవడం కూడా మంచిది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రీజర్లలో దాచినవన్నీ ఇంటింటా పారబోసుకున్నాం. అంత విపత్తు మళ్ళీ రాకపోయినా అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరికలు మనకు మామూలే. వారానికి ఒకసారి, లీటరుం పావు చొప్పున కాచుకుని, మూడు రోజుల్లో అయిపోనిది ఫ్రీజర్‌లో పెట్టుకుంటే చాలు.

ఇది విశాఖ కాబట్టి రొయ్యల సంగతి చెప్పకుండా వదలలేను. ఫిషింగ్ హార్బరులోనో పూర్ణా మార్కెట్‌లోనో కిలో రొయ్యలు కొంటే, ఒలిచాక చేతికి వచ్చేది 550 నుంచి 600 గ్రాములే. మిగిలిన నాలుగు వందల గ్రాముల తలలూ పెంకులూ మనం డబ్బు పెట్టి కొన్నవే, ఒలిచిపెట్టే అమ్మకు కూలి ఇచ్చి మరీ అక్కడే పారేయించుకుంటున్నాం. ఈసారి ఆవిడనే అడిగి ఆ తలలను వేరే కవరులో వేయించుకోండి, ఐసు ముక్కలు కూడా వేయమనండి. ఇంటికి వచ్చిన గంటలోపే కడిగి, మందపాటి మూకుడులో రెండు చెంచాల నూనె కాగాక తలలను వేసి, గరిటెతో నొక్కుతూ వేయించండి. ముందు బూడిదరంగులో ఉన్నవి చూస్తుండగానే కుంకుమ రంగుకు తిరుగుతాయి, నూనె కూడా ఎర్రబడుతుంది, వంటిల్లంతా కాల్చిన రొయ్యల వాసన నిండుతుంది. అప్పుడు లీటరు నీళ్ళు పోసి, సరిగ్గా ఇరవై నిమిషాలు మరిగించి వడకట్టండి. అంతకు మించి ఉంచితే చేదు వస్తుంది. ఆ నీళ్ళతో రొయ్యల పులావు వండినా, ములక్కాడ రొయ్యల పులుసు పెట్టినా, అర కిలో రొయ్యలతోనే కిలో వేసినంత రుచి వస్తుంది. పండుగప్ప వంటి తెల్లచేపల తలలకూ ముల్లుకూ ఇదే పద్ధతి, ఇదే సమయం. కవ్వళ్ళు, కానాగంతల వంటి నూనె ఎక్కువ ఉన్న చేపలు మాత్రం సూపుకు పనికిరావు, వాసన పట్టేస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో సముద్రపు సరుకు తగ్గి ధర పెరుగుతుంది. అప్పుడు ఈ నీళ్ళ విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

బిల్లు తగ్గేది కూడా సరిగ్గా ఈ చోటే. సూపును గ్లాసులో పోసుకుని తాగితే సరుకుల ఖర్చు తగ్గదు, మాంసం పరిమాణాన్ని తగ్గించడానికి వాడుకుంటే తగ్గుతుంది. మా ఇంట్లో ఆరుగురికి ఇదివరకు కిలో మటన్ తెచ్చేవాళ్ళం, 950 రూపాయలు. ఇప్పుడు అర కిలో మటన్, అర కిలో ఎముకలు తెస్తాం, రెండూ కలిపి 650 రూపాయలు. ముందు రోజే ఎముకలను కాచి, ఆ నీళ్ళలో మటన్‌ను దోసకాయతోనో, శనగపప్పుతోనో వండుతాం. ముక్కలు తగ్గాయని పిల్లలు కనిపెట్టారు, పులుసు రుచి తగ్గిందని మాత్రం ఎవరూ అనలేదు. ముక్క తగ్గినప్పుడు మాంసకృత్తులు తగ్గుతాయి కాబట్టి శనగపప్పో గుడ్డో తప్పనిసరిగా జోడించాలి, అది వదిలేసి ఒక్క నీళ్ళతో సరిపెట్టడం పొదుపు కాదు. నెలకు నాలుగు ఆదివారాలకు ఈ ఒక్క మార్పుతో పన్నెండు వందల రూపాయలు మిగిలాయి. శనగపప్పుకు, గుడ్లకు అయిన వంద రూపాయల పైచిలుకు తీసేసినా వెయ్యికి తగ్గలేదు.

మాంసం ముట్టని రోజుల్లో కూడా మీకు సూపు లోటు ఉండదు. పప్పు ఉడికాక పైన తేరుకునే కట్టుతో చారు పెట్టడం మన పెద్దల కాలం నాటి పద్ధతే, దానికి పైసా అదనపు ఖర్చు లేదు. ఉలవలు వంద గ్రాముల్లో దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పావు కిలో ఉలవలను రాత్రి నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళను చింతపండుతో మరిగిస్తే ఇంటిల్లిపాదికీ ఉలవచారు, ఉడికిన గింజలను పోపు వేస్తే పిల్లలకు సాయంత్రం గుగ్గిళ్ళు. డబ్బాలో అమ్మే ఉలవచారు ధరను, పావు కిలో ఉలవల ధరను పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఎంవీపీ కాలనీ రైతు బజారు గేటు దగ్గర ఏ రోజు ధరలు ఆ రోజు బోర్డు మీద రాస్తారు. అక్కడే కొత్తిమీర కాడలు, ముదురు ములక్కాడలు, క్యారెట్ తొక్కల వంటివి కూడా చారులోకి ఎలా పనికి వస్తాయో ఆలోచించుకోవచ్చు. క్యాబేజీ ఆకులు, బీట్‌రూట్ మాత్రం వద్దు. మొదటిది వాసన, రెండోది రంగు పాడుచేస్తుంది.

శ్రమ మాట కూడా అడిగారు. నా లెక్కలో వారానికి నికరంగా మీరు నిలబడి చేయవలసిన పని అరగంటకు మించదు: తెట్టు తీయడానికి పది నిమిషాలు, వడకట్టి చల్లార్చడానికి ఇరవై నిమిషాలు. మిగతా సమయం కుక్కరు తన పని తాను చేసుకుంటుంది. ఉద్యోగానికి వెళ్ళి వస్తూ, మంచం మీద ఉన్న మనిషిని చూసుకుంటున్న ఇల్లాలికి ఆ అరగంట కూడా దొరకని వారం ఉంటుంది. అటువంటి వారం ప్యాకెట్ కొన్నందుకు బాధపడకండి, లేదా వడకట్టి చల్లార్చే పని ఇంట్లో మరొకరికి అప్పగించండి. దానికి వంట రానక్కరలేదు.

మీ దగ్గర మిగిలిన క్యూబులను పారేయనవసరం లేదు. అత్తగారి గ్లాసులో మాత్రం వేయకండి. పిల్లలకు కూరగాయల పులావు వండే రోజున నాలుగు గ్లాసుల నీళ్ళకు అర క్యూబు చిదిపి వేసి, అందులో మామూలుగా వేసే ఉప్పులో అర చెంచా తగ్గించండి. మీరు చెప్పిన డబ్బా అలా రెండు నెలలు వస్తుంది. డబ్బా మూత గట్టిగా బిగించి ఉంచండి, మన ఊరి గాలిలోని చెమ్మకు అవి తొందరగా మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోతాయి.